మూడో తనిఖీ

గొర్లె నూకరత్నానికి కోపం రావడం మానేసిందని ఆమె భర్త సింహాచలం వచ్చి చెప్పినప్పుడు, ప్రయోగశాలలో అందరూ అదేదో మంచి కబురే అనుకున్నారు. రిజిస్టరులో కూడా అలాగే రాసుకున్నారు. అక్కడే పనిచేసే హైమకు మాత్రం ఆయన ఆ మాట చెప్పిన తీరు చూస్తే మంచి కబురు అనిపించలేదు. సింహాచలం దర్జీ. మెడలో వేలాడే కొలతల టేపు తియ్యడం కూడా మర్చిపోయి చోడవరంలో బస్సెక్కి విశాఖపట్నం వచ్చేశాడు.

"మా ఆవిడ రిజైను కాయితం మీద సంతకం పెట్టేసిందమ్మా," అన్నాడు. "హెడ్మాస్టరు ఇంటికొచ్చి అడిగితే నవ్వుతా పెట్టేసింది. పదహారేళ్ళ ఉద్యోగం. మొన్న మా మావ పోతే ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. మీరేటి చేశారో నాకు తెల్దు గాని, ఇంట్లో ఉన్నది ఆ మనిషి కాదు."

నూకరత్నం చోడవరంలో ఆడపిల్లల హైస్కూలుకు డ్రిల్లు టీచరు. ఆమె 'సావధాన్' అని కేకేస్తే గోడ అవతల రోడ్డు మీద చెరకు బళ్ళు కూడా ఆగేవని ఊళ్ళో చెప్పుకునేవారు. ఒకసారి ఎవరో కాంట్రాక్టరు స్కూలు మైదానంలో ఇటుకలు దింపించి నెలరోజులు తియ్యకపోతే, తొమ్మిదో తరగతి పిల్లలందరి చేతా ఆ ఇటుకలు మోయించి వరసగా అతని ఇంటి గుమ్మం ముందు పేర్పించింది. అలాంటి మనిషి రెండేళ్ళ కిందట వానలో స్కూటీ జారి కల్వర్టు కింద పడింది. మెడ దగ్గర వెన్ను దెబ్బతింది. ప్రాణం దక్కింది గాని మెడ కింద ఏదీ కదల్లేదు. ఊపిరి కూడా యంత్రమే తియ్యాల్సి వచ్చింది. తొమ్మిది నెలలపాటు ముందుగదిలో ఆ యంత్రం చప్పుడే చప్పుడు. గొంతులో గొట్టం ఉండడంతో మాట కూడా లేదు.

కొమ్మాది దాటాక కొండవాలులో ఉన్న ఆ ప్రయోగశాలకు ఆమెను తీసుకొచ్చింది సింహాచలమే. అక్కడ డాక్టర్ భద్రరాజు దెబ్బతిన్న వెన్నుకు బదులు మరో దారి కనిపెట్టాడు. మినపగింజంత ఉండే చిప్పులు పదమూడు, ఒంట్లో పదమూడు చోట్ల అమరుస్తారు. ఒక్కో గింజలో ఒక్క చిన్న ప్రోగ్రాము. ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కటే పని. ఒకటి ఊపిరి తీస్తుంది. ఒకటి రక్తపోటు చూస్తుంది. ఒకటి ఒంటి వేడి, ఒకటి మింగడం, ఒకటి గొంతు, ఒకటి కుడిచెయ్యి. దేని పని దానిది. ఒకటి ఆగిపోయినా మిగిలినవి ఆగవు.

అయితే పదమూడింటినీ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఏది ముందు మొదలవ్వాలి, ఏది దేని కోసం ఆగాలి, బ్యాటరీలో ఏ గింజకు ఎంత వాటా, ఏది పలక్కపోతే ఎంతసేపు చూసి దాన్ని ఆపి మళ్ళీ మొదలెట్టాలి, ఇవన్నీ చూడ్డానికి వాటి మీద మరో ప్రోగ్రాము ఉంది. రన్‌టైమ్ అని దాని అసలు పేరు. ప్రయోగశాలలో అందరూ మేస్త్రి అనేవారు. ఎడమ భుజం ఎముక కింద బిస్కెట్టంత పెట్టెలో ఉంటుంది. మేస్త్రికి సొంత ఆలోచన లేదు. ఒక ఫైలులో రాసి ఉన్నది తు.చ. తప్పకుండా చేస్తుంది. రెండు వందల పన్నెండు వరసల ఆ ఫైలు రాసింది హైమ. విజయనగరం అమ్మాయి. ముప్పై రెండేళ్ళు. రాసేటప్పుడు తను మనుషుల ఒళ్ళు రాస్తున్నాననే అనుకునేది గాని, రాను రాను అవి వరసలుగానే కనిపించడం మొదలెట్టాయి.

నూకరత్నానికి గొంతులో గొట్టం తీసేసిన రోజున ఆమె అన్న మొదటి మాట, "ఆ ఫ్యాను తగ్గించండి." గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. సింహాచలం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నెల తిరిగేసరికి ఆమె చెంచా పట్టుకుంది, కలం పట్టుకుంది. ఇంటికి పంపించేశారు.

హైమ మర్నాడే చోడవరం వెళ్ళింది. వెళ్ళేముందు మేస్త్రి చిట్టా చూసుకుంది. ఏ ప్రోగ్రామును ఎప్పుడు ఆపి ఎప్పుడు మొదలెట్టిందో మేస్త్రి క్షణాలతో సహా రాసిపెడుతుంది. హెడ్మాస్టరు వచ్చిన రోజు ఉదయం పది నుంచి పదకొండు దాకా 'స్థిమితం' అనే పదమూడో ప్రోగ్రాము పదకొండుసార్లు మళ్ళీ మొదలైంది.

ఆ పదమూడోది పెట్టడానికి కారణం ఉంది. మెడ దగ్గర వెన్ను దెబ్బతిన్నవాళ్ళకు ఉద్రేకం వస్తే రక్తపోటు ఒక్కసారిగా పైకి తన్నేస్తుంది. నూకరత్నానికి ముందు చేరిన ఒకాయన ఫోనులో తమ్ముడితో గొడవపడుతూ తలలో నరం చిట్లి చనిపోయాడు. భద్రరాజు ఆయన్ని తన చేతులతో స్ట్రెచర్ మీదికి ఎక్కించాడు. ఆ తర్వాతే స్థిమితం తయారైంది. గుండె, రక్తపోటు, ఊపిరి, మూడూ కలిపి హద్దు దాటాయా లేదా అని మేస్త్రి పది సెకన్లకొకసారి తనిఖీ చేస్తుంది. వరసగా మూడు తనిఖీల్లో హద్దు దాటి ఉంటే స్థిమితం చెడిపోయిందని లెక్క. దాన్ని ఆపి మళ్ళీ మొదలెడుతుంది. మొదలయ్యేటప్పుడు అది మెడ నరంలోకి చల్లటి కరెంటు వదులుతుంది. గుండె దిగుతుంది. రక్తపోటు దిగుతుంది. మనిషి రెండు నిమిషాలు నీళ్ళలో తేలుతున్నట్టు ఉండిపోతుంది.

మేస్త్రి దృష్టిలో అదొక చిన్న మరమ్మతు. నూకరత్నానికి అదెలా ఉంటుందో హైమ ఆ రోజే కళ్ళారా చూసింది.

ముందుగదిలో చక్రాల కుర్చీలో కూర్చుని నూకరత్నం ఆమెను ప్రేమగా పలకరించింది. టీ పెట్టమని భర్తకు చెప్పింది. హైమ టీ తాగలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. స్థిమితం ఏం చేస్తుందో, ఆ రోజు పదకొండుసార్లు ఏం జరిగిందో.

"ఆ వరసలు రాసింది నేనే టీచర్," అంది.

నూకరత్నం మొహం మారింది. దవడ బిగిసింది. "అంటే నేను వద్దందామనుకున్న ప్రతిసారీ..." అంది. "ఆ పెద్దమనిషి నా ఎదురుగా కూర్చుని, టీచరు గారూ కుర్చీలో కూర్చుని డ్రిల్లేం చెప్తారండీ అన్నాడు. నేను అతన్ని..." అక్కడ ఆగిపోయింది. కళ్ళు మెత్తబడ్డాయి. చేతివేళ్ళు కుర్చీ అంచు మీద నుంచి జారాయి. సింహాచలం టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి తల దించుకున్నాడు. అతనికిది కొత్త కాదు.

రెండు నిమిషాల తర్వాత నూకరత్నం చిన్నగా నవ్వింది. "ఏదో అంటన్నానమ్మా. ఏటది?"

హైమ తన సంచిలోంచి కాగితం తీసి పెద్ద అక్షరాలతో రాసింది. 'మీకు ఇప్పుడే కోపం వచ్చింది. మీ చేత ఉద్యోగం వదిలించారు. మీరు వద్దనకుండా ఆపింది మీ ఒంట్లో ఉన్న ప్రోగ్రాము. రాసింది నేను.' ఆ కాగితం ఆమె ఒళ్ళో పెట్టింది. నూకరత్నం చదివింది. మళ్ళీ దవడ బిగిసింది. మళ్ళీ జారిపోయింది. మళ్ళీ చదివింది. ఆ మధ్యాహ్నం అలా ఆరుసార్లు జరిగింది. ఆరోసారి తేరుకున్నాక ఆమె కాగితాన్ని ఒళ్ళో తిరగేసి పెట్టింది. తర్వాత, ఆ తనిఖీ ఎన్ని సెకన్లకని అడిగింది.

పది సెకన్లకని, వరసగా మూడు తప్పితేనే ఆపుతుందని, మధ్యలో ఒక్కటి సరిగ్గా ఉన్నా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుందని హైమ చెప్పింది. ఆ సంగతి రోగులకు తెలిసే వీల్లేదనే ప్రయోగశాలలో అనుకునేవారు. నూకరత్నం మాత్రం తెలుస్తుందంది. భుజం ఎముక కింద పది సెకన్లకోసారి చీమ కుట్టినట్టు చిన్నగా చురుక్కుమంటుందట. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు గనక.

హైమ తిరిగి వెళ్ళి భద్రరాజుతో మాట్లాడింది. స్థిమితాన్ని తీసేద్దామంది. ఆయన అరవలేదు. చనిపోయిన ఆ మనిషి ఫొటో ఆయన బల్లమీదే ఉంటుంది. దాన్ని ఆమెవైపు తిప్పి, ఒక ఉద్యోగం పోవడం, ఒక ప్రాణం పోవడం ఒకటేనా అని అడిగాడు. పైగా ప్రయోగం మధ్యలో ఫైలు మార్చకూడదని నిబంధన ఉంది. మార్చాలంటే సమీక్ష సంఘం ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా ఎవరు ముట్టుకున్నా ఉద్యోగం పోతుంది.

అసలు ఇబ్బంది అది కాదని హైమకు తెలుసు. ఊపిరి ప్రోగ్రాము స్థిమితం మొదలయ్యాకే మొదలవ్వాలని ఫైలులో ఒక వరస ఉంది. గడువు దగ్గర పడిన రోజున రెండిటికీ పొత్తు కుదరకపోతే, సరిగ్గా విడదీసే తీరిక లేక ఆమే అలా ముడివేసింది. తర్వాత చూద్దామనుకుంది. ఇప్పుడు స్థిమితాన్ని తీస్తే ఊపిరి మొదలవ్వదు. ముడి విప్పాలంటే ఫైలు మార్చాలి. మేస్త్రి ఫైలును మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చదువుతుంది. అంటే పదమూడింటినీ ఆపి, మేస్త్రినే ఆపి, మళ్ళీ మొదటినుంచి లేపాలి. ఊపిరి వంతు వచ్చేదాకా తొంభై సెకన్లు. అంతసేపూ నూకరత్నానికి ఊపిరి ఉండదు.

ప్రయోగశాలలో గాజుపెట్టెలో ఒక రబ్బరు బొమ్మ ఉంది. దానికీ అవే గింజలు, అదే మేస్త్రి. హైమ పదిరోజులు దానితోనే కూర్చుంది. ముడి విప్పిన కొత్త ఫైలు పెట్టి మొదలెడితే మొదటిసారి ఊపిరి, రక్తపోటు ఒకేసారి లేచి ఒకదాన్నొకటి తోసుకున్నాయి. బొమ్మ ఊపిరితిత్తి సంచి పగిలింది. రెండోసారి మేస్త్రి ఏదీ మొదలెట్టకుండా మొండికేసింది. రక్తపోటు నిలకడగా రెండు తనిఖీలు దాటాకే ఊపిరి లేవాలని మూడోసారి రాసింది. బొమ్మ ఊపిరి తీసింది. ఆ తర్వాత ఇరవై సార్లు ఆపి లేపింది. ఇరవై సార్లూ తీసింది.

ఆ పదిరోజుల్లో చోడవరంలో నూకరత్నం మరో పని చేసింది. కోపాన్ని సాధన చేసింది. భుజం కింద చురుక్కుమన్నప్పుడు ఒకటి. మళ్ళీ చురుక్కుమంటే రెండు. రెండోది దాటగానే కోపాన్ని కిందికి దించెయ్యాలి. కళ్ళు మూసుకుని తొమ్మిదో తరగతి బి సెక్షను హాజరు పిలుచుకునేది. ఆదిలక్ష్మి, ఈశ్వరి, కుమారి, గౌరీపార్వతి... మూడో తనిఖీ వచ్చేసరికి గుండె దిగి ఉండేది. మేస్త్రి ఏమీ అనకుండా దాటిపోయేది. దాటగానే మళ్ళీ కోపం. ఇరవై సెకన్లు కోపం, పది సెకన్లు హాజరు. మొదట్లో దారం తెగిపోయేది. ఒక విడత చివర అన్న మాటను సింహాచలం బట్టల కొలతలు రాసే సుద్దతో నేలమీద రాసేవాడు. తర్వాతి విడత అక్కడినుంచి అందుకునేది. వారం తిరిగేసరికి సుద్ద అక్కర్లేకపోయింది. సాధనకు ఎవరి మీద కోపం తెచ్చుకునేదని హైమ తర్వాత అడిగితే, ముందు హెడ్మాస్టరు మీద, అది అరిగిపోయాక నీ మీద అని చెప్పింది.

నూకరత్నం మొర వినడానికి సమీక్ష సంఘం బుధవారం ఉదయం కూర్చుంది. అయిదుగురు. మధ్యలో రిటైరైన సర్జన్ ఒకాయన, పీఠాధిపతిలా. సింహాచలం భార్య కుర్చీని బల్ల ఎదురుగా నిలిపి పక్కకు తప్పుకున్నాడు. హైమ గోడమీది తెరమీద మేస్త్రి తనిఖీలు కనిపించేలా పెట్టింది. ఎవరూ వద్దనలేదు.

నూకరత్నం కళ్ళు తెరిచింది. "నా పేరు గొర్లె నూకరత్నం. నా ఉద్యోగం నేను వదల్లేదు. కాదనే లోపు నన్ను ఆపేశారు. నా నోరు తెరిపించింది మీరే, అందులోంచి నా మాట రానివ్వకుండా చేసింది కూడా మీరే."

కళ్ళు మూసుకుంది. తెరమీద రెండు ఎర్ర చుక్కలు, పక్కన ఒక పచ్చ చుక్క. సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆమెకు ఒంట్లో బాగోలేదేమోనని ఒకాయన లేవబోయాడు. సర్జన్ చేత్తో వారించి, తన గడియారం విప్పి బల్లమీద పెట్టుకున్నాడు.

"మా నాన్న పోయాడు. ఏడుద్దామంటే రెండు నిమిషాలు ఏటీ తెలీదు. తెలివొచ్చేసరికి పాడె ఎత్తేశారు. మళ్ళీ ఏడుపొచ్చేసరికి మళ్ళీ అదే. మా వాళ్ళంతా నన్ను రాయి అనుకున్నారు."

రెండు ఎర్ర చుక్కలు. ఒక పచ్చ చుక్క.

"ప్రాణం నిలబెట్టామంటారు. మీకు దండం పెడతాను. నిలబెట్టిన ప్రాణం ఎవరిదని నేను అడుగుతన్నాను. నాదైతే ఆ ఫైలు నా ముందు తెరవండి."

అలా నలభై నిమిషాలు మాట్లాడింది. ఒక్కసారి కూడా మేస్త్రి చేతికి చిక్కలేదు. చివరికి జాకెట్టు చెమటతో తడిసిపోయింది. సర్జన్ గడియారం తీసి మళ్ళీ చేతికి పెట్టుకున్నాడు. తర్వాత సంఘం లోపలికి వెళ్ళి వచ్చి, విషయం తీవ్రమైనదని, మూడు నెలల్లో మరో నివేదిక చూసి నిర్ణయిస్తామని చెప్పింది. అంతదాకా ఇలా ఉండలేనంటే గింజలు తీయించుకుని పాత యంత్రం మీదికి వెళ్ళే హక్కు ఆమెకు ఉందని కూడా చెప్పింది.

నూకరత్నం ఆ రెండూ వద్దంది.

బయట వరండాలో హైమ ఆమె ముందు కింద కూర్చుంది. కొత్త ఫైలు గురించి, బొమ్మ గురించి, తొంభై సెకన్ల గురించి చెప్పింది. బొమ్మకూ మనిషికీ తేడా ఉంటుందని, ఖాయంగా చెప్పలేనని కూడా చెప్పింది.

"స్థిమితం పోతే నాకు ఆ ఫోను మనిషికి వచ్చినట్టు రావొచ్చా?" అని నూకరత్నం అడిగింది.

"రావొచ్చు టీచర్. రక్తపోటు ప్రోగ్రాము కొంత ఆపుతుంది. అంతా ఆపలేదు."

"సరే. చెయ్యి."

సింహాచలం ఏమంటాడోనని హైమ అతనివైపు చూసింది. అతను భార్యనే చూస్తున్నాడు. ఆ సంచీ నొక్కడం నాకు వచ్చునమ్మా అన్నాడు. యంత్రం ఉన్న తొమ్మిది నెలల్లో కరెంటు పోయినప్పుడల్లా రబ్బరు సంచీ చేత్తో నొక్కి ఆమెకు ఊపిరి పోసింది అతనే.

శుక్రవారం ఉదయం హైమ భద్రరాజు గదికి వెళ్ళి, పదకొండు గంటలకు నూకరత్నం ఫైలు మారుస్తున్నానని ముందుగానే చెప్పింది. దొంగచాటుగా చెయ్యదలచుకోలేదంది. ఆపాలనుకుంటే వచ్చి ఆపమంది.

ఆయన వచ్చాడు. అప్పటికే నూకరత్నం మంచం మీద ఉంది. నర్సు మరియమ్మ ఆమె మొహానికి మాస్కు బిగించి, రబ్బరు సంచీ సింహాచలం చేతికిచ్చింది.

"హైమా, ఆపు," అన్నాడు భద్రరాజు. "ఇది హత్య అవుతుంది."

మాస్కు వెనకనుంచి నూకరత్నం బదులు చెప్పింది. "నేను చెయ్యమన్నాను. ఒళ్ళు నాది. మీరు డాక్టరైతే ఇటొచ్చి నాడి చూడండి. లేదంటే గుమ్మం వదలండి, గాలి రావాల."

హైమ మీట నొక్కింది.

పదమూడు పచ్చ దీపాలూ ఒక్కొక్కటే ఆరిపోయాయి. నూకరత్నం ఛాతీ దిగింది, మళ్ళీ లేవలేదు. సింహాచలం సంచీ నొక్కాడు. లేచింది. మళ్ళీ నొక్కాడు. తెరమీద మేస్త్రి మేల్కొని కొత్త ఫైలు చదవడం మొదలెట్టింది. మొదటి దీపం వెలిగింది. రెండోది. మూడోది. నాలుగోది, ఒంటి వేడి చూసేది, వెలగలేదు. మేస్త్రి దాని జవాబు కోసం ఆగిపోయింది. అది దాటితేగాని రక్తపోటు లేవదు. రక్తపోటు లేస్తేగాని ఊపిరి లేదు. అరవై సెకన్లు. తొంభై. బొమ్మకు ఎప్పుడూ ఇలా జరగలేదు. హైమ వేళ్ళు మీటల మీద ఉన్నాయి గాని మధ్యలో చెయ్యి పెడితే అంతా మొదటికొస్తుందని ఆమెకు తెలుసు. సింహాచలం సంచీ నొక్కుతూనే ఉన్నాడు. మరియమ్మ నేను నొక్కుతానంటే ఇవ్వలేదు.

భద్రరాజు ఎప్పుడు మంచం దగ్గరికి వచ్చాడో ఎవరూ చూడలేదు. నూకరత్నం మెడమీద రెండు వేళ్ళు పెట్టి నాడి పైకి లెక్కపెడుతున్నాడు. "ఉంది," అన్నాడు. "నొక్కు నాయనా, ఆపకు. నాడి ఉంది."

వేడి చూసే గింజ మూడో తనిఖీలో కూడా పలకలేదు. మేస్త్రి దాన్ని ఆపి మళ్ళీ మొదలెట్టింది. ఈసారి వెలిగింది. వెంటనే రక్తపోటు. ఒక తనిఖీ, రెండు తనిఖీలు. నూట నలభయ్యో సెకనులో ఊపిరి దీపం వెలిగింది. సింహాచలం సంచీ వదిలేశాడు. నూకరత్నం ఛాతీ తనంతట తాను లేచింది.

గొంతు ప్రోగ్రాము లేవడానికి మరో ఒకటిన్నర నిమిషం పట్టింది. ఈలోగా ఆమె భద్రరాజుకేసి చూస్తూనే ఉంది. తెరమీద ఎర్ర చుక్కలు వరసకట్టాయి. మూడు. అయిదు. ఎనిమిది. ఏదీ ఆగలేదు. గొంతు రాగానే ఆమె ఆయన్ని తిట్టింది, తర్వాత హైమను తిట్టింది, తర్వాత సంఘంలో ఉన్న అయిదుగుర్నీ తిట్టింది. తిడుతూ తిడుతూ మధ్యలో 'నాన్నా' అంది. తండ్రి పోయిన మూడు వారాలకు ఆ మంచం మీద పడి ఏడ్చింది. సింహాచలం నొక్కి నొక్కి బిగుసుకుపోయిన చేతులతో ఆమె మొహం తుడిచాడు. అంతసేపూ భద్రరాజు నాడి వదల్లేదు.

హైమను ఆ సాయంత్రమే ఉద్యోగంలోంచి తీసేశారు. పుస్తకాలు, నీళ్ళసీసా సర్దుకుని విజయనగరం వెళ్ళిపోయింది.

నూకరత్నం రాజీనామా వెనక్కి తీసుకుంటున్నట్టు కుడిచేత్తో రాసి పంపింది. కుదరదన్నారు. మళ్ళీ రాసింది. ఆ సంతకం పెట్టినప్పుడు తన తెలివి తన చేతిలో లేదని మేస్త్రి చిట్టా జతచేసి విద్యాశాఖ ఆఫీసుకు పంపింది. విచారణకు పిలిస్తే వెళ్ళి రెండు గంటలు ఏకబిగిన మాట్లాడింది. ఏడు వారాలకు ఉద్యోగం తిరిగొచ్చింది. మైదానం అంచున కుర్చీలో కూర్చుని పిల్లలకు ఖోఖో నేర్పడం మొదలెట్టింది.

ఆగస్టులో భద్రరాజు భయపడినంత పనీ జరిగింది. జిల్లా పోటీల్లో తన జట్టును అన్యాయంగా ఓడించారని నూకరత్నం అంపైరుతో గొడవపడింది. గొడవ పెరిగింది. తల పగిలిపోతున్నట్టుందని అంటూనే పక్కకు ఒరిగిపోయింది. ఆస్పత్రిలో నాలుగు రోజులు ఉంచారు. బతికింది గాని ఎడమకంటి చూపు సగం పోయింది. కబురు తెలిసి హైమ వచ్చింది. మర్నాడు భద్రరాజు కూడా వచ్చాడు.

ఆయన మంచం పక్కన కూర్చుని చాలా మెల్లగా మాట్లాడాడు. స్థిమితాన్ని మళ్ళీ పెడదామన్నాడు. మునుపటంత కాదు, పావువంతు చాలన్నాడు. ఈసారి కన్ను పోయింది, ఇంకోసారి మనిషే పోవచ్చన్నాడు.

"పోతే నేనే పోతాను సార్," అంది నూకరత్నం. "ఇదివరకైతే నేను కాని ఎవరో పోయేది. వద్దండి."

"అంపైరు కోసమా అమ్మా ఇదంతా?"

"నా పిల్లలు గెలిచారు సార్. కాదని అతను చెప్తే నేను ఊరుకోవాలా?" ఆమె గొంతు లేచింది. పక్కన రక్తపోటు చూసే యంత్రం కూత పెట్టింది. సింహాచలం లేచి యంత్రం చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు. నూకరత్నం ఆగి, ఊపిరి తీసుకుని, ఎవరూ ఆపకుండా తనే గొంతు తగ్గించుకుంది. "నేను చూసుకుంటాను. చూసుకోలేకపోతే అదీ నాదే."

భద్రరాజు ఆమె నాడి మరోసారి చూశాడు. లేచాక వరండాలో హైమను పిలిచాడు. ఒంట్లో గింజలున్నవాళ్ళు మరో ఆరుగురు ఉన్నారని, నూకరత్నం సంగతి విని వాళ్ళూ అడుగుతున్నారని, కొత్త ఫైలు రాయడం ఆమె తప్ప ఎవరికీ రాదని చెప్పాడు. క్షమించమని అడగలేదు. వస్తావా అని మాత్రం అడిగాడు. ముందుగా ప్రతి ఒక్కరికీ వాళ్ళ ఫైలు తెలుగులో, వరస వరసా చదివి వినిపించనిస్తే వస్తానని హైమ అంది. రెండు వందల పన్నెండు వరసలా అన్నాడాయన. అన్నీ అంది ఆమె.

మొదట పలాస వెళ్ళారు. జీడిపప్పు బట్టీలో పనిచేస్తూ అటకమీంచి పడిపోయిన దుంపల తవిటయ్య ఇంటికి. యాభై అయిదేళ్ళ మనిషి. పెద్దగా చదువుకోలేదు. హైమ పీటమీద కూర్చుని చదువుతుంటే కళ్ళు మూసుకుని విన్నాడు. మధ్యలో అర్థం కానిచోట ఆపి అడిగాడు. భద్రరాజు గడపమీద కూర్చున్నాడు. స్థిమితం గురించిన నూట అరవై నాలుగో వరస దగ్గర తవిటయ్య కళ్ళు తెరిచాడు.

"ఇది ఎవురు పెట్టినారు?"

"నేనే పెట్టాను," అంది హైమ.

"నన్నడగలేదేటి?"

"అడగలేదు. తప్పు చేశాను. ఇప్పుడు అడుగుతున్నాను. తీసెయ్యమంటారా?"

తవిటయ్య ముందుగా, చచ్చిపోయిన మనిషి గురించి అడిగాడు. నూకరత్నం కన్ను గురించి అడిగాడు. అన్నీ విన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలు తీసెయ్యొద్దు మావా అంటే చేత్తో ఊరుకోమన్నాడు.

"మూడు తప్పితే ఆపేస్తాదన్నావు. ఆ మూడు తీసేసి ముప్పై పెట్టు," అన్నాడు. "అయిదు నిమిషాలు నా కోపం నాకుండాల. ఆ పైన అది పట్టుకుంటే పట్టుకోనీ. అది కూడా సాలకపోతే మళ్ళీ కబురెడతాను, నువ్వు రావాల."

వస్తానంది హైమ. చేతిలోని ఫైలు ప్రతిలో మూడు తీసేసి ముప్పై వేసింది. తవిటయ్య ఆ వరస మళ్ళీ చదవమన్నాడు. ఆమె చదివింది.